నెమలిని అడిగి గుర్రం కాడికి

మా చంద్రపూర్ ఎండ గురించి బయటోళ్లకు చెప్తే నమ్మరు. మొన్న ఎండకాలం గోల్ బజార్ల ఒక కుక్క నడుస్తుంటే దాని నీడకు కాళ్లు కాలినయి. కుక్కను నడి రోడ్డు మీద ఇడిసిపెట్టి నీడ ఒక్కతే పోయి చెప్పుల దుకాణంల దూరింది. కుక్క పాపం పొద్దుమీకిందాంక బయటనే నిలవడ్డది, నీడ ఎప్పుడొస్తదా అని. అసొంటి ఎండల జ్యోతిలక్ష్మి కరెంటు కారు కొన్నది.

జ్యోతిలక్ష్మి అంటే బట్టల ఈశ్వరయ్య సేటు కోడలు. ఆయన దుకాణం మెట్ల మీదనే నేను గాజులు అమ్ముత. నర్సక్క అంటే బజార్ల ఎవరన్న చెప్తరు. లోపల ఎవలు ఏం మాట్లాడినా నా బుట్టల పడుతది, అందుకే ఈ ముచ్చట నాకు మొదటి నుంచి ఎర్కే.

కారు కొనకముందు జ్యోతిలక్ష్మి చీరల మూట ఎత్తుకొని సర్కారు ఎస్టీ బస్సుల తిరిగేది. గడ్‌చాందూర్, కోర్పనా, మాజ్రి బొగ్గుగనుల కాలనీలు, ఆడోళ్లు ఏడుంటే ఆడికి. ఒకపారి మూట ఎంత పెద్దగున్నదంటే, కండక్టర్ మూటను "అక్కా, కూసో" అని సీటిచ్చి జ్యోతిలక్ష్మిని నిలవెట్టిండు. బస్సు కాకుంటే రాజం జీపు. రాజం ఈశ్వరయ్య సేటు అక్క కొడుకు, మాజ్రిల ఉంటడు, డీజిల్ జీపు కిరాయికి తిప్పుతడు. ఏ ఊర్ల సంత ఉంటే ఆ రోజే ఆయన జీపుకు పానం బాగుండదు. "ఇయ్యాల కాదు చెల్లె, రేపు జూద్దం" అంటడు. రేపు పోతే సంతల ఏమున్నది, ఎండుటాకులు.

అందుకని తన కమాయి సగం, దుకాణం పైసలు సగం కలిపి కారు తెచ్చింది. దుకాణం సగం ఉన్నది గనుక సేటు మాట గూడ సగం ఉన్నట్టే. రాజం ఆ రోజే వచ్చి కారు చుట్టు మూడు చుట్లు తిరిగిండు.

"మామా, ఇది పిల్లలు ఆడుకునే బొమ్మ. నడి రోడ్డు మీద ఆగుతది. ఆగినప్పుడు నేనే తాడు కట్టి గుంజుకొస్త. గుంజుకొచ్చినంక నాకే ఇచ్చెయ్యి, నా జీపు నువ్వు తీస్కో."

"ఆగితే నీకే" అన్నడు సేటు. "తాడు ఒక్కపారి కడ్తె సాలు, బండి నీది."

జ్యోతిలక్ష్మి అక్కడనే ఉన్నది. చేతిల కారు తాళం జర గట్టిగ పట్టుకున్నది, అంతే.

ఇగ కరెంటు ఎట్ల నింపాలె అన్న ముచ్చట వచ్చింది. ఇంట్ల అయితే గోడకు ప్లగ్గు పెట్టిండ్రు. రోడ్డు మీద అట్ల కాదట. షోరూంల పిలగాడు చెప్పిండట, రోడ్ల పొంటి మిషన్లు ఉంటయి, ఒక్కో కంపెనీది ఒక్కో మిషను, ఎవరి మిషన్‌కు వాళ్ల యాప్ ఫోన్ల ఉండాలె, "ఐదారు పెట్టుకోండ్రి మేడం" అని.

ఆ మాట దుకాణంల చెప్పంగనే ఈశ్వరయ్య సేటు లెక్క రాసుడు ఆపిండు.

"ఐదారా? ఐదారు దుకాణాలు తిరిగే ఇల్లా మనది?"

"దుకాణాలు కాదు మామయ్యా, యాప్‌లు."

"సరుకు అమ్ముతయా లేదా?"

"కరెంటు అమ్ముతయి."

"అమ్మితే దుకాణమే."

జ్యోతిలక్ష్మి మొగడు విఠల్ ఒక మూలకు బట్ట కొలుస్తుండు. "నాయినా, ఫోన్ల ఉండేదానికి మర్యాద ఏముంటది?" అన్నడు.

"నువ్వు కొలుసుడు జూడు. గిరాకికి జానెడు ఎక్కువ పోతున్నది."

సేటుకు ఆ పట్టింపు ఎక్కడిదో చెప్తే గాని సమజ్ కాదు. వాళ్ల తాత కాలం నుంచి నాగపూర్ల ఒక్క టోకు దుకాణంలనే బట్ట కొంటరు. పక్క దుకాణంల రూపాయికి రెండు గజాలిచ్చినా తిరిగి సూడరు. ఆ టోకు దుకాణపాయన కాడ సరుకు లేకుంటే, ఆయనే తన మనిషిని తోడిచ్చి పక్క దుకాణానికి పంపుతడు. ఆ మనిషి పోయి "ఈయన మావోడు" అని చెప్పాలె. అట్ల పోతే మర్యాద. మనంతల మనమే పోతే ఇద్దరి ముంగట మొకం పోతది. ఒకపారి సేటు నాయిన పోయేసరికి ఆ దుకాణం మూసి ఉన్నదట. ఆయన తలుపుకు దండం పెట్టి, తాళంకప్పతోని భావ్ మాట్లాడుకొని, ఉత్త చేతులతోని తిరిగొచ్చిండట. తాళంకప్ప గూడ పాత గిరాకి అని జర తగ్గించిందంటరు.

"ఒక్క యాప్" అన్నడు సేటు. "ఒక్క దుకాణం, ఒక్క ఖాతా. రెండోదాని గడప తొక్కినవంటే, తాడు కట్టినట్టే లెక్క."

అంటే షరతులు రెండైనయి. ఏది తప్పినా కారు రాజంకే పోతది, జ్యోతిలక్ష్మి మల్ల బస్సుకే పోవాలె.

ఆమె కింద కూసోని ఫోన్ల మూడు యాప్‌లు తీసింది. నాకు అచ్చరాలు రావు గనుక బొమ్మలే గుర్తు. ఒకదాని మీద నెమలి, ఒకదాని మీద గుర్రం, ఇంకోదాని మీద ఊర్ల పటం.

"ఈ పటం యాప్ మంచిగున్నది మామయ్యా. అన్ని కంపెనీల మిషన్లు దీంట్ల కనవడ్తయి. నింపుకున్నోళ్లు కింద రాస్తరు. ఇగో ఈడ ఒకాయన మరాఠీల రాసిండు, మిషన్ మంచిగున్నది గాని ముంగట ట్రాక్టర్ అడ్డం పెడ్తరు అని. ఇంకొకాయన రాసిండు, వాచ్‌మన్ తాళమేసి పెండ్లికి పోయిండు అని."

"దానిదేమన్న మిషన్ ఉన్నదా?"

"దానిది లేదు. వేరేటోళ్లయి చూపెడ్తది."

"అంటే దలాల్. తనకు దుకాణం లేదు, పదిమంది దుకాణాల పేర్లు చెప్తడు. తీసెయ్."

"గుర్రంకు నాగపూర్ రోడ్డు మీద మిషన్లు మస్తున్నయి. నెమలివి తక్కువ."

"మిషన్లు లెక్కవెట్టుడు కాదు. ఫోన్ ఎత్తుతరా లేదా? నంబర్ కలుపు."

గుర్రం కంపెనీకి కలిపిండ్రు. పాట వచ్చింది. పాట అయిపోయినంక మల్ల అదే పాట. సేటు రెండుసార్లు తల ఊపుకుంట ఇన్నడు, మూడోసారికి "వీళ్లు గానా బజానా పెట్టుకున్నరు, వీళ్లకు గిరాకి అక్కర లేదు" అని పెట్టేసిండు. నెమలి కంపెనీకి కలిపితే ఒక పిల్ల ఎత్తింది. ముందు హిందీల మాట్లాడింది. సేటు హిందీ ఇనంగనే ఆమెకు అనుమానం వచ్చినట్టుంది.

"సర్, మీరు తెలుగా?"

సేటు మొకం ఎలిగింది. "తెలుగే బిడ్డా. చంద్రపూర్. నీ పేరేంది?"

"అనూష, సర్. హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్న."

"అసలు ఊరేది?"

"మంచిర్యాల, సర్."

"మంచిర్యాలనా! మా చిన్నమ్మ ఊరు. మీ దుకాణంల సరుకు ఎప్పటికీ ఉంటదా బిడ్డా?"

"రాత్రి పగలు ఉంటది, సర్."

"ఇగ అయిపోయింది" అని ఫోన్ పెట్టేసిండు సేటు. "నెమలి. ఖాతా తెరువు."

జ్యోతిలక్ష్మి తెరిచింది. పేరు, కారు నంబర్, ఇంకేందో పెట్టింది. గుర్రాన్ని ఫోన్ల నుంచి తీసేసింది. పటాన్ని గూడ తీసేసింది. తీసేటప్పుడు పటం దిక్కు జరసేపు జూసింది.

ఆదివారం పొద్దుగాల నాగపూర్‌కు బయలెల్లినం. ఆమెకు చీరలు తేవాలె, నాకు గాజులు తేవాలె, సేటుకు బండిని పరీచ్చ జెయ్యాలె. మామ కోడలి పక్కపొంటి ముంగట సీట్ల కూసోడు గదా, అందుకని ముంగట నేను, ఎన్కా సేటు. ఆ కారుకు సప్పుడే లేదు. భద్రావతి దాటినంక రోడ్డు పక్కకు ఒక పులి పండుకొని ఉన్నది. పక్కపొంటి పోయినా దానికి ఎర్క కాలే. దాటినంక ఉలిక్కిపడి లేసి, తనకంటె సప్పుడు లేకుండ నడిచేది ఈ జిల్లాల ఇంకోటి ఉన్నదా అని సిగ్గుపడి అడివిలకు పోయింది. నేను జూసిన. సేటు నిద్రపోయిండు, అందుకే ఒప్పుకోడు.

తొవ్వల రాజం ఫోన్లు. "మామా, ఆగిందా?" జరంత దూరం పోంగనే మల్ల. "మామా, తాడు నూనెల నానవెట్టిన, మెత్తగున్నది. తేవాల్నా?"

"నడుస్తున్నదిరా."

"ఎందాక నడుస్తది? ఎండ జూసినవా?"

నాగపూర్ల ఏం తక్లీఫ్ కాలే. నెమలి మిషన్ ఒక పెద్ద దుకాణం కింద నీడకు ఉన్నది. జ్యోతిలక్ష్మి ఫోన్ తోని ఏందో జేసింది, లావు పైపు తీసి కారుకు పెట్టింది, పచ్చ దీపం ఎలిగింది. సేటు మిషన్‌కు దండం పెట్టిండు. సగం నిండంగనే లేసిండు.

"సాలు. ఇగ తియ్."

"మామయ్యా, నిండలే. తిరిగి పోవుడుకు కావాలె గదా?"

"పాగల్ లెక్క మాట్లాడకు. కొత్త దుకాణం, బోణీ బేరం. మొదటి రోజే అంత ఊడ్చుకపోతమా? ఏమనుకుంటరు మన గురించి? జరంత తీస్కోవాలె, మల్ల రావాలె, అట్ల ఖాతా నిలవడ్తది."

జ్యోతిలక్ష్మి నా దిక్కు జూసింది. నేను గాజుల డబ్బా దిక్కు జూసిన. మామ కోడలి నడుమ గాజులమ్మే దానికేం పని? ఆమె పైపు తీసేసింది.

చీరల మూటలు కారుల పైకప్పుకు తాకేటట్టు నింపినం. సేటు ఏడున్నడో కనవడలేదు, గొంతు మాత్రం మూటల నడుమ నుంచి వచ్చింది. ఎండ ఇగ చెప్పతరం గాదు. జాం ఊరు దాటినంక ఏసీ జర తగ్గిద్దమని జ్యోతిలక్ష్మి బటన్ నొక్కితే, ఎన్కా కట్టిన నెమలిపించం రంగు చీరకు చెమట వట్టింది. రంగు కారి పక్క చీరల పడుతదని మల్ల పెంచింది. ఏసీ పెంచినకొద్ది ముంగట బ్యాటరీ గీత చిన్నగైంది. వరోరా ఇంకా దూరం ఉండంగనే గీత ఎర్రగైంది.

"మామయ్యా, బ్యాటరీ అయిపోవట్టింది" అన్నది జ్యోతిలక్ష్మి. "ముంగట ధాబా కాడ నెమలి మిషన్ ఉన్నది. యాప్‌ల పచ్చగనే కనవడ్తున్నది."

"మరి ఆపు. పరేషాన్ ఎందుకు?"

ధాబా వచ్చింది. దాని పక్కన రేకుల షెడ్డు. షెడ్డు కింద రెండు మిషన్లు అన్నదమ్ముల లెక్క నిలవడి ఉన్నయి. ఒకదాని మీద నెమలి, ఒకదాని మీద గుర్రం. గుర్రం మిషన్‌కు దీపం ఎలుగుతున్నది. నెమలి మిషన్ మొకం నల్లగున్నది. ధాబా నడిపే నవనీత్ భావు తువ్వాల తోని మొకం తుడుసుకుంట వచ్చిండు.

"బంద్ ఆహే తాయీ" అన్నడు. "ఎన్నడో బంద్ అయ్యింది. లోపల బల్లి వోయిందట. బాగుజేసేటోళ్లు వస్తం వస్తం అంటరు."

"యాప్‌ల నడుస్తున్నట్టు చూపెడ్తున్నది గదా?" అన్నది జ్యోతిలక్ష్మి.

"యాప్‌కు ఏం తెల్సు తాయీ, అది ఫోన్ల ఉంటది. మిషన్ ఈడ ఉంటది." తర్వాత గుర్రం దిక్కు చెయ్యి జూపిండు. "దాంట్ల నింపుకోండ్రి. పొద్దటి నుంచి ఏడు కార్లు నింపుకున్నయి."

జ్యోతిలక్ష్మి అడుగు వెయ్యలే. ఇంటికి పోయేంత బ్యాటరీ లేదు. గుర్రం కాడికి పోతే రెండో షరతు తప్పుతది. పోకుంటే తాడు. ఎటు పోయినా కారు రాజంకే.

ఆ రాజం గూడ వచ్చిండు. మేం మిషన్ల ముంగట నిలవడి ఆలోచన జేస్తుండంగనే ఆయన జీపు ధాబా దిక్కు తిరిగింది. పొద్దటి నుంచి వరోరాల కూసోని ఉన్నడట, నవనీత్ భావుకు ముందే చెప్పిపెట్టిండట ఫలానా రంగు కారు వస్తే ఫోన్ జెయ్యి అని. జీపు దిగిండు. భుజం మీద తాడు.

"ఏందే చెల్లె, నీ కారుకు ఆకలైతున్నదా?"

"ఆకలి కాలే అన్నా, నీడకు ఆపినం."

"నీడకు ఆపితే మామ మొకం గిట్లెందుకున్నది? కళ్లు గిట్ల తేలేసిండెందుకు?" అని మూటల సందుల నుంచి సేటును బయటికి గుంజిండు. "మామా, లే. జీపుల కూసో. బండిని ఎన్కా కట్టుకుంట."

తాడు విప్పుడు షురూ జేసిండు. ఆ తాడు లావు ఎంతంటే, దానితోని ఒక్కపారి మాజ్రి స్టేషన్ల తొవ్వ తప్పిన బొగ్గు రైలును పట్టాల మీదికి గుంజిండని ఆయననే చెప్తడు. ఆ లెక్క నేను చెప్పిన దాంట్ల కలపకుండ్రి, అది ఆయన అబద్ధం.

జ్యోతిలక్ష్మి కారుకు తాడుకు నడుమ నిలవడ్డది.

"మామయ్యా" అన్నది. గొంతు పెంచలే. "నేను ఒక్క యాప్ పెట్టుకోమంటే పెట్టుకున్న. సగమే నింపుమంటే సగమే నింపిన. ఇప్పుడు తాడు కట్టాల్నో, గుర్రం కాడికి పోవాల్నో మీరు చెప్పండ్రి. ఏది చెప్పినా జేస్త. చెప్పింది మీరు అని మాత్రం యాది పెట్టుకోండ్రి."

సేటు ధాబా మంచం మీద కూసున్నడు. నవనీత్ భావు మజ్జిగ తెచ్చిచ్చిండు. తాగలే. గుర్రం దిక్కు జూసిండు, నెమలి దిక్కు జూసిండు, తాడు దిక్కు జూసిండు. ఆయనకు కోడలి కారు పోవుడు ఇష్టమా అంటే ఇష్టం లేదు, ఆమె చీరల అమ్మకం వల్లనే దుకాణం నడుస్తున్నదని బజారంతకు తెల్సు. కానీ పక్క దుకాణం గడప తనంతట తొక్కుడు ఆయన వంశంల లేదు.

"ఆ పిల్లకు కలుపు" అన్నడు.

"ఏ పిల్లకు?"

"మంచిర్యాల పిల్లకు. అనూషకు."

జ్యోతిలక్ష్మి నెమలి కంపెనీకి కలిపింది. ధాబా కాడ సిగ్నల్ సరిగ లేదు. ఆమె మంచం మీదికి ఎక్కి ఫోన్ పైకి పట్టుకుంటే వచ్చింది. స్పీకర్ పెట్టింది. ఈపారి పిలగాడు ఎత్తిండు, మరాఠీల మాట్లాడిండు.

"నమస్కార్, మీ నిఖిల్..."

"అనూషకు ఇయ్యి బిడ్డా" అన్నడు సేటు కింద నుంచి, తను గూడ మరాఠీలనే.

"ఏ అనూష, సర్? ఇక్కడ నాలుగు వందల మంది ఉంటరు."

సేటు పక్కకు తిరిగి నాతోని అన్నడు, "నర్సక్కా, ఇన్నవా? దుకాణంల నాలుగు వందల గుమాస్తాలు. మిషన్ల కరెంటు లేదు." మల్ల ఫోన్ దిక్కు తిరిగిండు. "సరే, నువ్వే ఇను. మేం మీ గిరాకీలం. వరోరా ఇవతల ధాబా కాడున్నం. మీ దుకాణం మూసున్నది."

నిఖిల్ కీబోర్డ్ టకటక కొట్టిండు. "సర్, మా సిస్టంల అది నడుస్తున్నట్టు ఉన్నది."

"లోపల బల్లి ఉన్నది బిడ్డా. సిస్టంల బల్లి కనవడదా?"

"సారీ సర్. కంప్లయింట్ రాసుకుంటున్న. రెండు రోజుల్ల..."

"కంప్లయింట్ వద్దు" అన్నడు సేటు. "ఒక్క మాట చెప్పు. పక్కన గుర్రం దుకాణం ఉన్నది. మేం పోవచ్చా?"

రాజం నవ్వుకుంట తాడు ముడి ఏస్తుండు.

"సర్... సమజ్ కాలే."

"మీ సరుకు అయిపోయింది గదా. మేం పక్క దుకాణానికి పోతే మీకు బురా అనిపియ్యదు గదా అని అడుగుతున్న. నువ్వు పొమ్మంటేనే పోత. లేకుంటే ఈ రాజం గాడు తాడు కడ్తడు, నా కోడలి బండి పోతది."

"పోవచ్చు సర్" అన్నడు నిఖిల్. తర్వాత ఇంకింత మెల్లగ, "మా కంపెనీకి ఏం బురా అనిపియ్యదు సర్. పోండ్రి."

"ఉత్తగ పోండ్రి అంటే కాదు. మనిషిని తోడియ్యాలె."

"మనిషినా?"

"నువ్వే రా. ఫోన్ల నుంచే రా. గుర్రమోళ్లకు చెప్పు మేం మీవోళ్లమని."

"మామా!" అని అరిచిండు రాజం. "మిషన్‌కు చెవులుంటయా?"

"నీకున్నయి గదా, నువ్వే ఇను" అన్నడు సేటు.

నిఖిల్ ఏమనుకున్నడో ఏమో. వాడు గూడ ఎండ మొకం చూడక నాలుగు వందల మంది నడుమ కూసున్నోడు, పొద్దటి నుంచి అందరు తిట్టినోళ్లే ఉంటరు. "సూపర్‌వైజర్ అటు పోయిండు. జల్ది కానియ్యిండ్రి" అన్నడు గుసగుసగ. "మేడం, గుర్రం యాప్ దింపుకోండ్రి."

జ్యోతిలక్ష్మి మంచం మీద నిలవడే దింపుకున్నది. ఆమె ఫోన్లనే వాడు, ఆమె ఫోన్లనే గుర్రం. దిగుడు మెల్లగైంది. నవనీత్ భావు మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఇంకింత ఎత్తు జేసిండు. అట్లట్ల నాలుగు ఇటుకలు, ఎనిమిది ఇటుకలు. ఆఖరికి ఆ మంచం ఎంత ఎత్తైందంటే జ్యోతిలక్ష్మి ఆడి నుంచే భద్రావతి బస్‌స్టాండ్ల ఎవరెవరున్నరో చెప్పగలిగింది. గుర్రం దిగింది. దానికి ముందే కొన్ని పైసలు ఎయ్యాలట, ఏసింది. ఏదో నంబర్ వస్తదట, వచ్చింది. ఆమె మంచం దిగితే సిగ్నల్ గూడ ఆమె ఎన్కనే దిగింది.

"ఇప్పుడు మిషన్ మీద గళ్ల బొమ్మ ఉంటది, దాన్ని ఫోన్‌కు చూపియ్యిండ్రి" అన్నడు నిఖిల్.

ఎండకు గళ్ల బొమ్మ రంగు పోయి తెల్లగున్నది. ఫోన్ ఎంత జూపినా గుర్తుపట్టలే.

"అయితే కింద మిషన్ నంబర్ ఉంటది, చేతితోని కొట్టండ్రి. పైపు ముందు కారుకు పెట్టండ్రి, గట్టిగ. క్లిక్ అనాలె."

జ్యోతిలక్ష్మి గుర్రం పైపు తీసింది. కారుకు పెట్టే ముంగట ఆగింది. సేటు దిక్కు జూసింది.

సేటు లేసి ఆమె చేతిల నుంచి ఫోన్ తీస్కున్నడు. గుర్రం మిషన్ ముంగట నిలవడి ఫోన్ ముంగటికి చాపిండు. "చెప్పు బిడ్డా."

నిఖిల్ గొంతు సవరించుకున్నడు. "ఈయన మావోడు" అన్నడు.

సేటు జ్యోతిలక్ష్మికి తల ఊపిండు. ఆమె పైపు నొక్కింది. క్లిక్ అనలే. ఎర్ర దీపం ఎలిగింది. రాజం తాడు తీస్కొని ఒక్క అడుగు ముంగటికి వచ్చిండు.

"గట్టిగ, మేడం" అన్నడు నిఖిల్. "గుర్రమోళ్ల పైపు మొండిగ ఉంటది. కింద నుంచి చెయ్యి పెట్టి లేపుకుంట నొక్కండ్రి. మా అన్న కారు గూడ దాంట్లనే నింపుతం."

ఆమె రెండు చేతులతోని నొక్కింది. నేను ఆమె ఈపుకు ఈపు ఆనిచ్చి నిలవడ్డ. క్లిక్ అన్నది. మిషన్ లోపల పంక తిరిగింది, పచ్చ దీపం వచ్చింది, కారుల గీత మెల్లగ లేసింది.

"ఎక్కుతున్నదా సర్?" అన్నడు నిఖిల్.

"ఎక్కుతున్నది. నువ్వు సల్లగుండు. ఇగ పో, నీ సూపర్‌వైజర్ వస్తడు."

కరెంటు ఎక్కిందాంక రాజం జీపు బానెట్ మీద కూసుందామని పోయి, కూసున్నంతలనే లేసిండు. ఆ బానెట్ మీద నవనీత్ భావు అటెన్క ఆమ్లెట్ ఏసుకున్నడు, గ్యాస్ మిగిలింది. జ్యోతిలక్ష్మి మజ్జిగ తాగింది. మామకు గూడ ఒక గిలాస ఇచ్చింది. ఈపారి తాగిండు. సగం నిండినంక ఆమె అడిగింది, "తియ్యాల్నా మామయ్యా?"

"ఎందుకు తీస్తవు?"

"కొత్త దుకాణం గదా. బోణీ బేరం."

సేటు మీసం కింద నవ్విండు. "మనం వాళ్ల గిరాకీలం కాదు, పంపితే వచ్చినోళ్లం. పూర నింపు."

చంద్రపూర్ దాంక కారు ముంగట, జీపు ఎన్కా. గోల్ బజార్‌కు వచ్చేసరికి దీపాలు పెట్టే యాల్ల. విఠల్ దుకాణం మెట్ల మీద నిలవడి ఉన్నడు, పొద్దటి నుంచి ఒక్క గజం గూడ కొలువలేనట్టున్నడు. కారు తనంతట తానే వచ్చి ఆగుడు జూసి లోపలికి పోయి మల్ల బయటికి వచ్చిండు.

రాజం జీపు దిగిండు. "మామా, మాట అంటే మాట. తాడు కట్టలే, ఒప్పుకుంట. రెండు దుకాణాలు తొక్కిండ్రా లేదా?"

"తొక్కినం. మనిషి తోడొచ్చిండు. నువ్వు ఇన్నవు."

"ఫోన్ల పిలగాడు మనిషెట్లయితడు?"

"మరి నువ్వు వరోరాల కూసోని నా కోడలి కారు ఎప్పుడాగుతదా అని జూసినవు గదా. నువ్వెట్ల మనిషివైతవు?"

రాజం భుజం మీది తాడు తీసి జీపుల ఏసిండు. విఠల్ మొకం అటు తిప్పుకొని నవ్విండు.

జ్యోతిలక్ష్మి కారు తలుపు ఏసింది. "మామయ్యా, ఎల్లుండి కోర్పనా సంత. ఫోన్ల ఇంకో రెండు యాప్‌లు పెట్టుకుంట. ఆ పటం యాప్ గూడ. బండి తీస్కపోవాల్నా?"

"నన్నడుగుడెందుకు?" అన్నడు సేటు చెప్పులు ఇడుసుకుంట. "నడిపేది నువ్వు. నింపేది నువ్వు. ఏ దుకాణంల ఏమున్నదో నీకే ఎర్క."

"రాజమన్న జీపు?"

"రాజం జీపు రాజం కాడనే ఉంటది."

అంతల చీరల మూటలు దించుడు మొదలైంది. సేటు పెద్దమనిషి, విఠల్‌కు నడుం నొప్పి, నాకు గాజుల బుట్ట. రాజమే దించిండు. ఒక్కొక్క మూట ఏసుకొని మెట్లెక్కి దిగుకుంట, ఆఖరి మూట కాడ ఆగి మెల్లగ అడిగిండు.

"చెల్లె, ఆ గుర్రం యాప్ ఎట్ల దింపినవో జర నా ఫోన్ల గూడ జూపియ్యవా?"

"నీకు కరెంటు బండే లేదు గదనే అన్నా?"

రాజం మూట భుజం మార్చుకున్నడు.

"ఇయ్యాల్టికి లేదు" అన్నడు.